మా చెల్లెలి చిట్టీ, మా కంప్యూటరు

పిల్లలూ!

కంప్యూటరును మీరంతా చూసే ఉంటారు. బడిలో చూసి ఉంటారు, బ్యాంకులో చూసి ఉంటారు, కొందరి ఇళ్ళలో కూడా ఉండి ఉంటుంది. కాని దాని మూత తీసి లోపల ఏమున్నదో చూసినవారు మీలో ఎంతమంది? చెయ్యి ఎత్తమంటే బహుశా నలుగురైదుగురు ఎత్తుతారేమో. అంగట్లో తయారుగా దొరికే కంప్యూటరు కాకుండా, ఒక్కొక్క భాగమూ ఏరి కొని, మేము ఇంట్లోనే కూర్చుకున్న కంప్యూటరు కథ ఇవాళ మీకు చెబుతాను. ఇందులో నేను చేసిన తెలివితక్కువ పని కూడా ఒకటి ఉన్నది. దాన్ని దాచి లాభం లేదు. ఎందుకంటే దాన్ని కనిపెట్టింది మా మేనకోడలు, అది ఊరంతా చెప్పేసింది.

2023 మే నెల. జనగామలో మా చెల్లెలు జాకెట్లు కుడుతుంది. నెలకు 1,250 రూపాయల చొప్పున 36 నెలలు చిట్టీ కట్టింది. ఆ చిట్టీ పాడుకోకుండా చివరిదాకా ఆగితే 45,000 చేతికి వచ్చింది. ఆ డబ్బు కూతురి కోసమని మొదటినుంచీ అనుకున్నదే. ఆ పిల్లను ఇంట్లో చిన్ని అంటాం. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. కదిలే బొమ్మలు చెయ్యడం నేర్చుకోవాలని దాని కోరిక. బ్లెండర్ అని ఒక సాధనం ఉన్నది, దానితో బొమ్మను మట్టి ముద్దలా మలిచి, రంగు వేసి, నడిపించవచ్చు. అది ఉచితంగా దొరుకుతుంది. కాని దాన్ని నడపడానికి కంప్యూటరు ఉచితంగా దొరకదు గదా!

"మామయ్యా, లాప్‌టాప్ కొందామా, పెద్ద కంప్యూటరు కొందామా?" అని అడిగింది.

నేను పెద్దదే కొందామన్నాను. లాప్‌టాప్ వెంట తీసుకుపోవచ్చు, నిజమే. కాని అందులో ఒకటి చెడితే తక్కినవాటికీ ముప్పే. బల్లమీది కంప్యూటరు అలా కాదు. చెడిన భాగం తీసి కొత్తది పెట్టుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్క భాగమే మార్చి బలం పెంచుకోవచ్చు.

వేరు వేరు కంపెనీల భాగాలు ఒకదానిలో ఒకటి ఎలా ఇముడుతాయి అని మీకు సందేహం కలగాలి. చిన్నికీ కలిగింది. దీనికి మూలం 1981లో ఉన్నది. ఆ ఏడు ఆగస్టులో అమెరికాలోని ఐ.బి.ఎం. వారు తమ మొదటి పర్సనల్ కంప్యూటరును బయటికి తెచ్చారు. ఫ్లారిడాలోని బోకా రాటన్ అనే ఊళ్ళో చిన్న బృందం ఒకటి, ఏడాదిలో దాన్ని తయారు చెయ్యవలసి వచ్చింది. అంత తొందరలో అన్నీ సొంతంగా చేసుకోవడం అయ్యేపని కాదు. కనక ప్రాసెసరు ఇంటెల్ వారి దగ్గర, తక్కినవి మరొకరి దగ్గర, బజారులో దొరికేవే తీసుకున్నారు. లోపలి తీగల పటం సహా పుస్తకంగా అచ్చువేశారు. దాన్ని చూసి లోకమంతా దానికి సరిపడే భాగాలు చెయ్యసాగింది. తరవాత 1995లో ఇంటెల్ వారు ఎ.టి.ఎక్స్. అనే కొలత ప్రకటించారు. బోర్డు ఎంత వెడల్పు ఉండాలి, స్క్రూల బెజ్జాలు ఎక్కడ ఉండాలి అన్నది అందులో ఉన్నది. ఈ కొలత పుణ్యమా అని ఒకరి బోర్డు ఇంకొకరి పెట్టెలో హాయిగా కూర్చుంటుంది. ఆ మొదటి కంప్యూటరులో తక్కువ ధరదానికి ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. మేము కొన్నది 16 గిగాబైట్లు. అంటే పది లక్షల రెట్లకు పైనే!

సరే, చిన్ని నోటుపుస్తకం తెచ్చి గీతలు గీసింది. ఒక గడిలో భాగం పేరు, రెండో గడిలో ధర. మూడో గడి ఎందుకని అడిగాను. "జాకెట్లు" అన్నది. వాళ్ళమ్మ లైనింగు జాకెట్టుకు 250 తీసుకుంటుంది. ప్రతి భాగమూ ఎన్ని జాకెట్లో రాసిందన్నమాట. మొత్తం 45,000 అంటే 180 జాకెట్లు! ఆ మూడో గడి చూశాక నాకు ఒక్క రూపాయి కూడా తేలికగా ఖర్చుపెట్టబుద్ధి కాలేదు. (బుద్ధి కాలేదన్నానే గాని, ఏం చేశానో ముందు చెబుతాను.)

భాగాలంటే ఏమిటో మా చెల్లెలి కుట్టు గదిలోనే చిన్నికి చూపించాను. కుట్టుమిషను ప్రాసెసరు, అసలు పని అదే చేస్తుంది. మిషను పక్కన బల్ల ఉన్నదే, దానిమీద ఇప్పుడు కుడుతున్న గుడ్డలు పరుచుకుంటారు. అది మెమరీ, అంగట్లో ర్యాము అంటారు. బల్ల చిన్నదైతే మాటిమాటికీ లేచి బీరువా తియ్యాలి. ఆ బీరువా డిస్కు. బల్లమీదివి రాత్రి సర్దేస్తారు, బీరువాలోవి ఎప్పటికీ ఉంటాయి. కరెంటు తీసేస్తే ర్యాములోవి పోతాయి, డిస్కులోవి ఉంటాయి. ఇవన్నీ పెట్టుకునే గది మదర్‌బోర్డు.

ఇందులో జంట చూసుకోవలసినవి ప్రాసెసరూ బోర్డూ. ప్రతి ప్రాసెసరుకూ తన గూడు ఉంటుంది. మేము అనుకున్నది ఇంటెల్ కోర్ ఐ3-12100. దాని గూటికి ఎల్.జి.ఎ. 1700 అని పేరు. ఆ గూట్లో వెంట్రుకల్లాంటి సన్నని ముళ్ళు 1,700 ఉంటాయి. వేలు తగిలి ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. వేరే గూటి బోర్డు కొంటే ప్రాసెసరును పెట్టెలో పెట్టి పూజ చేసుకోవలసిందే. ర్యాముకూ ఇదే తంటా. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని రెండు రకాలు. రెంటికీ 288 కాళ్ళే, పొడుగూ ఒకటే. కాని మధ్యలో గాటు చోటు మారుతుంది. ఒకదాని చోట రెండోది దిగదు. మేము అనుకున్న హెచ్610 రకం బోర్డు ఈ రెంటికీ వేరువేరుగా దొరుకుతుంది. పేరు చూసి సరిపెట్టుకోకుండా చివరిదాకా చదవాలి. 16 ఒకే ముక్కగా కాక 8, 8 గా రెండు ముక్కలు తీసుకున్నాం. రెండు దారులూ తెరుచుకుంటే ప్రాసెసరుకు సరుకు త్వరగా అందుతుంది.

డిస్కు గురించి వాదమే లేదు. పాతకాలపు హార్డుడిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు. అబ్బో అనిపిస్తుంది గదా? కాని కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి. సగటున అరచుట్టు, సెకనులో 240వ వంతు. కంప్యూటరుకు అది యుగం! కొత్తరకం ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. జవాబు సెకనులో పదివేలవ వంతుకే వచ్చేస్తుంది. బబుల్‌గమ్ము పొట్లంలా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడుగు ఉన్న ముక్క. 500 గిగాబైట్లది 2,800కు వచ్చింది, 11 జాకెట్ల పైచిల్లర.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. ఈ పేరు చెప్పగానే మా చెల్లెలు నా మొహం చూసింది. ఎందుకో చెబుతాను.

గోడలో వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటరు అలాగే తినలేదు. 12, 5, 3.3 వోల్టులుగా వడ్డించాలి. ఆ వడ్డించే పెట్టె ఎస్.ఎం.పి.ఎస్. కొనేవాళ్ళు అన్నిటికన్నా చివర దీనిగురించి ఆలోచిస్తారు. "పెట్టెతోపాటు వచ్చిందిలే" అనుకుంటారు. 2009లో నేనూ అలాగే అనుకున్నాను. కేబినెట్టుతోపాటు ఉత్తపుణ్యానికి వచ్చిన దాన్నే పెట్టుకున్నాను. చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండేది. దానిమీద 500 వాట్లు అని రాసి ఉన్నది, రాయడానికేం! ఎండాకాలం ఒక రాత్రి కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. అది పోతూ పోతూ బోర్డునూ హార్డుడిస్కునూ వెంట తీసుకుపోయింది.

ఆ డిస్కులో మా నాన్న చివరి సంవత్సరపు ఫోటోలు ఉన్నాయి. చిన్నిని ఒళ్ళో పెట్టుకుని చేటలో బియ్యం ఏరుతున్న ఫోటో ఒకటి. నాన్న పాడిన పాట ఒకటి, ఫోనులో పట్టి అందులోకి ఎక్కించాను. ఇంకెక్కడా కాపీ తీసిపెట్టలేదు. డిస్కు పట్టుకుని రెండు మూడు చోట్లకు తిరిగాను, లాభం లేకపోయింది. తాతయ్య గొంతు ఎలా ఉండేదో చిన్నికి ఇప్పటికీ తెలియదు.

అందుకే ఈసారి పట్టీలో మొట్టమొదట రాయించింది ఎస్.ఎం.పి.ఎస్.నే. ఎంత బలానిది కావాలి? లెక్క కష్టమేమీ కాదు. ఈ ప్రాసెసరు మామూలుగా 60 వాట్లు తింటుంది, తొందరపడితే 89 దాకా పోతుంది. బోర్డు, డిస్కు, ఫాన్లు అన్నీ కలుపుకున్నా 150 దాటదు. ముందెప్పుడైనా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునేందుకు చోటు ఉండాలని 450 వాట్లది అనుకున్నాం. 80 ప్లస్ అనే ముద్ర ఉన్నది చూసుకున్నాం. తీసుకున్న కరెంటులో నూటికి 80 పాళ్ళకు తగ్గకుండా కంప్యూటరుకు ఇస్తుందని ఆ ముద్రకు అర్థం. తక్కినది వేడిగా పోతుంది. 3,200 రూపాయలు. "పదమూడు జాకెట్లు" అని చిన్ని గొణిగింది. మా చెల్లెలు మిషను ఆపి, "అది కొను. దాని సంగతి బేరమాడకు" అన్నది.

మర్నాడు పొద్దుటి రైలుకు సికింద్రాబాదు పోయాం, నేనూ, చిన్నీ, దాని తమ్ముడు బుజ్జిగాడూ. పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అని పెద్ద కట్టడం ఉన్నది. నాలుగు వైపులా కంప్యూటరు దుకాణాలే. చెన్నైలో రిచీ వీధి, ఢిల్లీలో నెహ్రూ ప్లేసు ఎలాగో, మనకు ఇది అలాగ. అక్కడ తిరిగే పద్ధతి ఒకటున్నది. మొదటి దుకాణంలో కొనకూడదు. పట్టీ ఇచ్చి ధరలు రాయించుకుని, ఇంకో రెండు చోట్ల రాయించుకుని, అప్పుడు కూర్చోవాలి. ధరతోపాటు బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే గ్యారంటీ కాగితం చిత్తు కాగితమే. చిన్ని ఇదంతా చక్కగా చేసింది.

మూడో దుకాణంలో బుజ్జిగాడు ఒక పెట్టె ముందు నిలబడిపోయాడు. గాజు పలక, లోపల ఎరుపూ నీలమూ ఆకుపచ్చా మారే దీపాల ఫాన్లు. పెళ్ళి పందిరిలా ఉన్నది. మేమనుకున్న పెట్టెకన్నా 2,400 ఎక్కువ. వాడు నోరు తెరిచి అడగలేదు. అడక్కుండా అలా చూస్తూ నిలబడ్డాడే, అదే నన్ను పాడుచేసింది.

సరిగ్గా అప్పుడు దుకాణం కుర్రవాడు, "ఇదే ప్రాసెసరు ఎఫ్ రకం తీసుకుంటే 2,500 తగ్గుతుంది సార్" అన్నాడు. 12100కు 11,000, 12100ఎఫ్‌కు 8,500. వేగం ఒకటే, కోర్లు అవే నాలుగు. నా మనసులో లెక్క చకచకా కుదిరిపోయింది. "ఎఫ్ అంటే ఏమిటి మామయ్యా?" అని చిన్ని అడిగింది. నాకు తెలియదు. తెలియదని అనవలసింది. "అదేదో కంపెనీ గుర్తులే" అన్నాను. దీపాల పెట్టె కొన్నాం.

ఆ సాయంత్రం జనగామలో చాప పరిచి కూర్చున్నాం. చేతికి తడి లేకుండా తుడుచుకుని, ముందు పెట్టె ఇనుప అంచు ముట్టుకున్నాం. ఒంట్లో చేరిన విద్యుత్తు దానిలోకి పోవాలి, లేకపోతే మనకు తెలియని చిన్న నిప్పురవ్వకే చిప్పులు దెబ్బతినవచ్చు. ప్రాసెసరు మూలన ఉన్న చిన్న త్రికోణం గుర్తును గూటి మీది గుర్తుకు సరిచూసి, ఊరికే దించాలి. నొక్కకూడదు. చిన్ని ఊపిరి బిగబట్టి దించింది. ఫానుకు అడుగున బూడిదరంగు లేపనం ముందే పూసి వస్తుంది, వేడిని పైకి లాగడానికి. దాన్ని బుజ్జిగాడు వేలితో తాకబోతే చిన్ని చెయ్యిమీద ఒక్కటి వేసింది. ర్యాము రెండు కొసలా టక్కుమనేదాకా నొక్కాం. రాత్రి పదిన్నరకు తీగ గుచ్చి మీట నొక్కాను.

దీపాలు వెలిగాయి! ఫాన్లు తిరిగాయి! బుజ్జిగాడు గంతులు వేశాడు. మానిటరు మాత్రం నల్లగా ఉన్నది.

ర్యాము తీసి పెట్టాం. తీగ మార్చాం. మానిటరును పక్కింటివాళ్ళ పెట్టెకు తగిలించి చూశాం, బాగానే ఉన్నది. పన్నెండయింది. మా చెల్లెలు ఏమీ అడగకుండా గుమ్మంలో కూర్చున్నది. రంగురంగుల దీపాలు ఆవిడ మొహంమీద పడి మారుతున్నాయి. అంతకన్నా ఏదైనా తిట్టినా బాగుండేది.

చిన్ని అట్టపెట్టెలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ప్రాసెసరు పెట్టెమీద చిన్న ఇంగ్లీషు అక్షరాలతో, దీనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి అని రాసి ఉన్నది. "మామయ్యా, ఎఫ్ అంటే ఇది" అన్నది.

సంగతేమంటే, తెరమీద బొమ్మ గీయడానికి కూడా ఒక యంత్రం కావాలి. చాలా ప్రాసెసర్లలో అది లోపలే ఉంటుంది. ఎఫ్ రకంలో అది పనిచెయ్యదు, అందుకే ధర తక్కువ. విడిగా కార్డు కొనుక్కునేవాళ్ళకు అది మంచి బేరం. మాకు కార్డు లేదు. కార్డు కొనడానికి డబ్బూ లేదు. కంప్యూటరు లోపల పని చేస్తూనే ఉండి ఉంటుంది, పాపం, మాకు చెప్పుకునే దారి లేదంతే.

మర్నాడు మళ్ళీ రైలు. విప్పిన ప్రాసెసరును వెనక్కు తీసుకోమన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, పెట్టెమీద రాసే ఉన్నది. చివరికి చిన్ని బతిమాలితే 1,500 తగ్గించుకుని తీసుకుని, మామూలు 12100 ఇచ్చారు. ఆ 1,500, పైన 2,500 నా జేబులోంచి ఇచ్చాను. నోటుపుస్తకంలో చిన్ని ఆ మొత్తాన్ని నా పేరు కింద రాసింది, పదహారు జాకెట్లు.

ఈ ధరలన్నీ 2023 నాటివి, గుర్తుంచుకోండి. కంప్యూటరు భాగాల ధరలు కూరగాయల ధరల్లాంటివి. 2025 చివర ర్యాము ధర ఎలా ఎగబాకిందో కొన్నవారిని అడిగితే చెబుతారు.

మరొక మాట. మీ బడిలో మూలపడ్డ పాత కంప్యూటరు ఉంటే, మాస్టారినడిగి, తీగ పీకేసిన తరవాత, ఆయన పక్కన ఉండగా మూత తీయించి చూడండి. గూడు ఏదో, ర్యాము గాటు ఎక్కడుందో వెతకండి. కాని ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం విప్పవద్దు. తీగ పీకినా దాని లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన కాసేపు నిలవ ఉండవచ్చు. అది పెద్దవాళ్ళక్కూడా ఆట కాదు.

మా కంప్యూటరు రెండో రాత్రి వెలిగింది. ఉబుంటు ఎక్కించాం, అది కూడా ఉచితమే. మిగిలిన డబ్బుతో ఒక యు.పి.ఎస్., బయట తగిలించుకునే డిస్కు ఒకటి కొన్నాం. ప్రతి ఆదివారం చిన్ని అందులోకి కాపీ తీస్తుంది. నేను గుర్తుచెయ్యవలసిన పని ఎన్నడూ రాలేదు.

నాలుగు నెలలకు అది చేసిన మొదటి కదిలే బొమ్మ వాళ్ళమ్మ కుట్టుమిషను. పది సెకన్ల బొమ్మ. సెకనుకు 24 చొప్పున 240 చిత్రాలు. ఒక్కొక్క చిత్రం గీయడానికి కంప్యూటరుకు రెండు నిమిషాలు పట్టింది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పడుకుంటే తెల్లవారి అయిదుకు అయింది. మమ్మల్నందరినీ లేపి చూపించింది. చక్రం తిరుగుతున్నది, సూది పైకీ కిందికీ ఆడుతున్నది, గుడ్డ జరుగుతున్నది. నాకు ఎంతో ముచ్చటేసింది.

మా చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"అంతా బాగానే ఉన్నది గాని, సూదిలో దారమేదే?" అన్నది.

చిన్ని నాలుక కరుచుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నది.